తాబేలుకు కొత్త ప్లగ్గులు

తాబేలు మూడుసార్లు దగ్గి, ఒకసారి తుమ్మి, సందు మలుపులో ఆగిపోయింది. అక్కడి నుంచి ఇంటి దాకా దాన్ని నాన్నే తోసుకొచ్చాడు.

తాబేలంటే తాతయ్య కారు. ఆకుపచ్చగా, గుండ్రంగా ఉంటుంది. వయసులో నాన్న కన్నా రెండేళ్లు పెద్దది. వెనక వాళ్లు ఎంత హారన్ కొట్టినా తన దారిన తాను నిదానంగా పోతుంది.

"నాన్నా, ఇక నా వల్ల కాదు," అన్నాడు నాన్న తాతయ్యతో, రొప్పుతూ. "సాయంత్రంలోగా బాగైతే సరే, రేపు చెరువు దగ్గరికి అందరం దీంట్లోనే వెళ్దాం. లేదంటే సోమవారం తుక్కు కొట్టుకు పంపేస్తా. ఈసారి మీరు అడ్డు చెప్పకూడదు."

తాతయ్య తాబేలు బానెట్‌ను ఓసారి నిమిరాడు.

పక్కనే నిలబడ్డ పిడుగుకు ఏడుపొచ్చినంత పనైంది. పిడుగు తాతయ్య మనవరాలు. వయసు పదేళ్లు. ఒక్కచోట కుదురుగా ఉండదు కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. దాని మొదటి పన్ను ఊడింది తాబేలు వెనక సీట్లోనే. అలాంటి కారును తుక్కు కొట్టుకు ఇస్తారా?

"ఏం కాదులే. ప్లగ్గులు అరిగిపోయి ఉంటాయి," అన్నాడు తాతయ్య.

పొడవాటి స్పానర్‌తో ఇంజన్ లోంచి నాలుగు ప్లగ్గులు విప్పి తీశాడు. ఒకటి పిడుగు చేతిలో పెట్టాడు.

"ఇదిగో, స్పార్క్ ప్లగ్. పెట్రోలుకు నిప్పు ముట్టించేది ఇదే. ఈ చివర సన్నటి సందు ఉంది చూశావా? అందులో రవ్వ ఎగురుతుంది. రవ్వ లేకపోతే మంట లేదు, మంట లేకపోతే బండి లేదు."

ప్లగ్గు చివర మసిబారి, అరిగిపోయి ఉంది.

"వీటిని మార్చి ఎన్నేళ్లయింది తాతయ్యా?"

"నీకు నడక రాకముందు మార్చాను."

"మరి దగ్గదా పాపం!"

తాతయ్య నవ్వి, పాత ప్లగ్గు ఒకదాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ నడుచుకుంటూ స్పేర్ పార్ట్స్ షాపుకు వెళ్లారు.

షాపు ఆంటీ రకరకాల ప్లగ్గులు తీసి కౌంటర్ మీద పెట్టింది. ఒక రకం తళతళ మెరిసిపోతోంది. దాని పెట్టె మీద రేసు కారు బొమ్మ కూడా ఉంది.

"తాతయ్యా, ఇవే! ఇవే!" అంది పిడుగు.

తాతయ్య రుమాలు విప్పి పాత ప్లగ్గును మెరిసే ప్లగ్గు పక్కన నిలబెట్టాడు.

"కింద చుట్లు చుట్లుగా ఉన్న ఈ మర చూడు. కొత్తదాని మర ఎంత పొడుగుందో! ఇది బిగిస్తే లోపల పిస్టన్ పైకి వచ్చినప్పుడల్లా దీనికి మొట్టికాయే."

"కానీ మంచివి కదా?"

"మంచివే. నీ చెప్పులూ మంచివే. నా కాలు పడుతుందా అందులో?"

షాపు ఆంటీ పకపకా నవ్వి, మామూలుగా కనిపించే రెండు రకాలు తెచ్చింది. రెండింటి మరా సరిగ్గా పాతదాని అంతే ఉంది. పెట్టె మీది నంబరులో మాత్రం ఒక్క అంకె తేడా. ఒకదాని మీద అయిదు, ఇంకోదాని మీద ఆరు.

"ఆరు నంబరుది వేడిని చప్పున వదిలేస్తుంది. జోరుగా పోయే బండికి అది బాగుంటుంది. మన తాబేలులో వేస్తే మసి పట్టి కూర్చుంటుంది. మనకు అయిదే కావాలి," అన్నాడు తాతయ్య.

భూతద్దం తీసి నాలుగు పెట్టెల మీది అంకెలనూ మూడేసి సార్లు చూశాడు. చివరికి తల ఊపి, వాటిని పిడుగుకు అందించాడు.

పిడుగుకు మెట్లు కనిపిస్తే ఒక్కొక్కటీ దిగడం రాదు. రెండేసి దూకడమే. షాపు మెట్ల మీద అలా దూకగానే ఒక పెట్టె జారి, టకటకా దొర్లుతూ కింద పడింది.

గబుక్కున తీసి చూసింది. పెట్టె మూల కొంచెం నొక్కుకుపోయింది. మూత తెరిస్తే లోపల ప్లగ్గు తెల్లగా మెరుస్తోంది. ఎక్కడా పగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే తాతయ్య ఇంకా లోపల భూతద్దం సర్దుకుంటున్నాడు.

'ఏం కాలేదుగా,' అనుకుంది పిడుగు.

ఇంటికి వచ్చాక తాతయ్య నాలుగు పెట్టెలూ విప్పాడు.

"దారిలో ఏదైనా కింద పడిందా తల్లీ?"

పిడుగు చూపు తిప్పేసుకుంది.

"లేదు తాతయ్యా."

"అయితే సందును గేజ్ పెట్టి కొలవక్కర్లేదు. నీ మాట చాలు."

నాలుగు ప్లగ్గులూ బిగించి తాళం తిప్పాడు. తాబేలు లేచింది. కానీ కుంటుతూ లేచింది. కారంతా గజగజా వణికింది. వంటింటి కిటికీ లోంచి అమ్మ తల బయట పెట్టింది.

"మావయ్యగారూ! ఇక్కడ గిన్నెలన్నీ అల్మరా దిగి నడిచొస్తున్నాయి!"

తాతయ్య ఇంజన్ ఆపేశాడు. నాన్న వరండాలోనే ఉన్నాడు. కోప్పడలేదు. తల మాత్రం అడ్డంగా ఊపి, తుక్కు కొట్టుకు ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లాడు.

తాతయ్య మెట్టు మీద కూర్చుని కళ్లజోడు తీశాడు.

"తప్పు నాదే. అయిదనుకుని ఆరు తెచ్చానేమో. మూడుసార్లు చూసినా కనబడలేదంటే ఇంకేం చెప్పను! కారు కాదు, నేనే పాతబడిపోయాను. పంపించేయమందాం మీ నాన్నను."

పిడుగు తాతయ్య ముఖం వైపు చూసింది. తాతయ్య అలా అనడం అది ఎప్పుడూ వినలేదు. తనను తిట్టినా అంత బాధేసేది కాదు.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి తాతయ్యా!" అంది గట్టిగా. మిగతాది మాత్రం చిన్నగా చెప్పింది. "షాపు మెట్ల మీద ఒక పెట్టె పడేశాను. పడలేదని అబద్ధం చెప్పాను."

తాతయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"అందులోది ఏ ప్లగ్గో తెలుసా?"

"తెలీదు. అన్నీ కలిసిపోయాయి."

"అయితే నాలుగూ తీద్దాం. ముందు ఇంజన్ చల్లారనీ. కూర్చో."

ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు. పిడుగు అంతసేపు కదలకుండా కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

"తిట్టవా తాతయ్యా?"

"తిట్టేవాణ్ణే. నువ్వు నిజం చెప్పగానే నా వయసు పదేళ్లు తగ్గిపోయింది. ఇక తిట్టడానికి నోరెలా వస్తుంది?"

ఇంజన్ చల్లారాక ఒక్కో ప్లగ్గూ విప్పారు. మూడోది చూడగానే తెలిసిపోయింది. చివరనున్న సందు మూసుకుపోయి ఉంది. రవ్వ ఎగరడానికి చోటే లేదు.

"పైన పటారం, లోన లొటారం!" అన్నాడు తాతయ్య. "పడితే ఇలాగే వంగుతుంది. అందుకే నిన్ను అడిగింది."

తాతయ్య ఆ వంగిన కొసను మెల్లగా పైకి లేపాడు. పిడుగు గేజ్ అనే సన్నటి రేకును సందులో పెట్టి చూసింది. మొదట దూరలేదు. తర్వాత వదులైంది. మూడోసారి సరిగ్గా సరిపోయింది. మిగతా మూడింటినీ కూడా తనే కొలిచి చూసింది.

ఈసారి తాళం తిప్పగానే తాబేలు గుర్రుమని లేచి, హాయిగా కూనిరాగం తీసింది.

నాన్న ఫోన్ పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఎవరిదీ కారు? మనదేనా?"

"మనదే," అంది పిడుగు. "ఆ ఫోన్ లోపల పెట్టెయ్ నాన్నా."

మర్నాడు తాబేలు చెరువు దాకా వెళ్లింది, తిరిగి వచ్చింది. దారిలో ఎక్కడా ఆగలేదు. తోయడానికి పాత చొక్కా వేసుకొచ్చిన నాన్నకు పనే పడలేదు.

సోమవారం సైన్స్ క్లాసు అయ్యాక మైక్రోస్కోప్‌ను బీరువాలో పెట్టే వంతు పిడుగుది. బల్ల మీంచి తీస్తుంటే అది జారి, కిందనున్న పుస్తకాల సంచీ మీద పడింది. పిడుగు ఎత్తి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు. గదిలో ఎవరూ లేరు. బీరువా తలుపు తెరిచే ఉంది.

పిడుగు మైక్రోస్కోప్‌ను రెండు చేతులతో పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటీ దిగి, స్టాఫ్ రూమ్‌కు వెళ్లింది.

"టీచర్, ఇది నా చేతి లోంచి కింద పడింది. పైకేం కాలేదు. అయినా లోపల ఒకసారి చూడండి."