దంపతులు కలిసి రావలెను

ఆ మెకానిక్కి అమ్మానాన్నలు పెట్టిన పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. అందరూ అనుమానాల మేస్త్రి అనేవాళ్ళు. పాలు తెల్లగా ఉన్నాయంటే సున్నం కలిపారేమో చూడమనే రకం. పాత కారు కొనాలనుకున్న వాళ్ళు ముందు ఆయన దగ్గరికే పరిగెత్తేవాళ్ళు. అమ్మేవాడు రంగు కింద దాచిన సొట్టలూ, సీటు కింద దాచిన తుప్పూ ఆయన కంటికి ఇట్టే దొరికిపోయేవి.

అంతటి మనిషికీ ఒక వెర్రి కోరిక ఉండేది. జీవితమంతా పరాయివాళ్ళ బళ్ళు బాగుచేశాడు. తనకంటూ ఒక్క పాతకాలపు కారు, అదీ ఎవడి బ్రష్షూ తగలనిది, ఎవడి వెల్డింగూ పడనిది, ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలా ముసలిదైపోయినది దొరికితే చాలనుకునేవాడు. దాన్ని తన చేతులతో మళ్ళీ రోడ్డెక్కించాలి. ఆ ఆశతో ఆదివారం పేపరు రాగానే వార్తలు వదిలేసి క్లాసిఫైడ్స్ చదివేవాడు.

అలా ఒక ఆదివారం ఈ ప్రకటన కనపడింది.

"పాతకాలపు కారు. రిపేరు గానీ రంగు గానీ చేయించబడలేదు. ఉన్నది ఉన్నట్టు అమ్మబడును. దంపతులు కలిసి రావలెను."

మేస్త్రి భార్యకి చదివి వినిపించాడు. "ఉన్నది ఉన్నట్టు అంటే ఇంజను బిగిసిపోయిందని అర్థం. దంపతులు కలిసి రావాలంటే తుక్కు కొనేవాళ్ళు రావద్దని. ఎవరో గానీ గట్టి బుర్రే."

"ఏ బుర్రయితేనేం? వాళ్ళ పుణ్యమా అని నన్ను బయటికి తీసుకెళ్తున్నారు" అంది భార్య. "మళ్ళీ నట్లూ బోల్టులూ చూడ్డానికే అనుకోండి."

ఇద్దరికీ పొద్దస్తమానం ఇలా చిన్న చిన్న తగువులే. పిల్లల్లేరు. మేస్త్రికి లోకంలో ఉన్నదల్లా ఆవిడే. ఆవిడ ఒక్క పూట పుట్టింటికి వెళ్తే ఆయనకి చొక్కా గుండీలు కూడా సరిగ్గా పడేవి కావు. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. ఆయన మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

మధ్యాహ్నం దాటాక తమ డొక్కు వ్యానులో బయల్దేరారు. ఆ ఇల్లు వీధి చివర, ఆఖరి దీపస్తంభం కూడా దాటాక ఉంది. మబ్బు పట్టి వెలుతురు అప్పుడే మందగించింది. ఓ పెద్దావిడ చేతికర్రతో వచ్చి గేటు తీసింది. మేస్త్రి నమస్కారం పెడితే ఆవిడ చూడనైనా లేదు. ఆయన భార్యని మాత్రం పాదాల దగ్గర్నుంచి తలదాకా నిదానంగా చూసింది.

"రా అమ్మాయీ" అంది. "కారు వెనక షెడ్డులో ఉంది."

షెడ్డు తలుపులు రెండూ లాగగానే లోపలి గాలి ఒక్కసారి మీద పడింది. పాత ఆయిలు, ఎలుకల కంపు, చెమ్మ పట్టిన తోలు. అవన్నీ ఉండాల్సినవే. వాటి అడుగున ఇంకో వాసన ఉంది. గడ్డం గీసుకునే సబ్బు వాసన. ఇప్పుడే ఎవరో నున్నగా గీసుకుని వెళ్ళినట్టు తాజాగా ఉంది.

మేస్త్రికి అదేమీ పట్టలేదు. ఎదురుగా కారు ఉంది మరి! ముదురాకుపచ్చ రంగు, రెండు పక్కలా కాలు పెట్టి ఎక్కే మెట్లు, ముందు గుండ్రటి పెద్ద దీపాలు. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు ఉంది దాని ఠీవి. జేబులోంచి అయస్కాంతం తీసి ఒళ్ళంతా ఆనించి చూశాడు. రేకు మీద పుట్టీ ఉంటే అయస్కాంతం జారిపోతుంది. ఎక్కడా జారలేదు. అంతా అసలు ఇనుమే. మేస్త్రి గుండె పెళ్ళికొడుకు గుండెలా కొట్టుకుంది.

తర్వాత బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు.

వెచ్చగా ఉంది.

మేస్త్రి పెదవి చివర నవ్వాడు. ఇది ఆయనకి తెలిసిన పాత ఎత్తే. చల్లటి ఇంజను మొరాయిస్తుందని తెలిస్తే, కొనేవాడు వచ్చేలోపే ఓసారి నడిపి వేడిచేసి పెడతారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు, ముసలమ్మా, అనుకుంటూ బానెట్ ఎత్తాడు.

బ్యాటరీ లేదు. వైర్లు ఎలుకలు కొరికేశాయి. కార్బురేటర్ మీద ఎండుగడ్డి గూడు. ఆ ఇంజను తిరిగి ఎన్నేళ్ళయిందో దేవుడికే తెలియాలి.

మరి వేడి ఎక్కడిది? షెడ్డు పైకప్పు రేకుల వేడై ఉంటుందనుకున్నాడు. బయట మబ్బు పట్టిందన్న సంగతి గుర్తుకు తెచ్చుకోలేదు.

డ్రైవరు సీటు తోలు మధ్యలో గుంటపడి, నున్నగా మెరుస్తోంది. మిగతా సీట్ల మీద వేలెడు దుమ్ము. డ్రైవరు పక్క సీటు మీద మాత్రం దుమ్ము లేదు.

"మీరు వచ్చి కూర్చుంటారా అమ్మగారూ?" అని అడిగాడు.

"పక్క సీట్లో. రోజూ సాయంత్రం" అంది పెద్దావిడ. "ఆయనకి ఒంటరిగా ఉండటం గిట్టదు. మాట్లాడే మనిషి కావాలి. నా మోకాళ్ళు ఇక వల్ల కాదంటున్నాయి బాబూ."

మొగుడు పోయాక మతి కాస్త చలించింది పాపం అనుకున్నాడు మేస్త్రి. అమ్మేవాళ్ళు నిజం చెప్తారని నమ్మే అలవాటు ఆయనకి లేదు.

ఇంజను ఎలా ఉన్నా బాధ లేదు. కారుని తాడు కట్టి లాక్కుపోవాలంటే అందులో ఒకరు కూర్చుని బ్రేకు వేస్తూ ఉండాలి. ఆ బ్రేకులు పట్టాలి, అదీ ముఖ్యం. మేస్త్రి గోనెపట్టా పరుచుకుని కారు కిందకి దూరాడు. భార్య డ్రైవరు సీట్లో కూర్చుంది.

"నొక్కు అంటే బ్రేకు నొక్కు. వదులు అంటే వదులు. సొంత తెలివి వాడకు."

"పెళ్ళైనప్పట్నుంచీ చేస్తున్నది అదేగా" అంది ఆవిడ పైనుంచి.

కింద చీకటి. టార్చి వెలుగులో బ్రేకు కడ్డీ కనపడుతోంది. "నొక్కు" అన్నాడు. కడ్డీ ముందుకి జరిగింది. "వదులు." వెనక్కి వచ్చింది. ఇంత పాత బండికి ఇంత చక్కగా పనిచేస్తోందా అని మురిసిపోయాడు. వెనక చక్రాల దగ్గరికి పాకి, అక్కడా చూశాడు. నొక్కు... వదులు... నొక్కు.

ఈసారి వదులు అన్నా కడ్డీ వెనక్కి రాలేదు.

"వదలమన్నానా!"

కాసేపటికి వచ్చింది. చాలా నెమ్మదిగా. ఆ తర్వాత ఆయన ఏమీ అనకుండానే మళ్ళీ ముందుకి జరిగింది.

"తొందరెందుకే నీకు?"

మేస్త్రి మెడ తిప్పాడు. కారు కింద సందులోంచి షెడ్డు తలుపు, దాని అవతల ఇంటి అరుగు కనపడుతున్నాయి. అరుగు కింద చేతికర్ర కొస. పక్కన పెద్దావిడ ముడతల పాదాలు. వాటి పక్కన ఎర్ర పట్టీల చెప్పులేసుకున్న పాదాలు.

ఆ చెప్పులు తన భార్యవి.

తల దగ్గర కడ్డీ కదిలింది. నొక్కి... వదిలి... నొక్కి...

పైనున్న సీటు స్ప్రింగు కిర్రుమంది. ఎవరో కింద ఏం జరుగుతోందో చూడ్డానికి వంగినట్టు.

మేస్త్రి ఎలా బయటపడ్డాడో ఆయనకే తెలీదు. మోచేతులు గీసుకుపోయాయి. లేచి కిటికీలోంచి చూశాడు. డ్రైవరు సీటు ఖాళీ. ఆ తోలు గుంట మాత్రం, బరువు లేచిపోయాక పరుపు లేచినట్టు, మెల్లమెల్లగా పైకి వస్తోంది.

పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టు ఉన్నారు?" భార్య నవ్వుతూ వచ్చింది. "అమ్మగారు పిలిస్తే వెళ్ళాను. మీకు చెప్పాను కూడా. కింద ఒక్కరే ఎవర్ని తిడుతున్నారు?"

అప్పుడు చెప్పాల్సింది. వద్దు పద, ఇంటికి పోదాం అనాల్సింది. చెప్తే ఆవిడ ఈ బండి ఎక్కదు. ఎక్కకపోతే బండి ఇక్కడే ఉండిపోతుంది, రేపు ఇంకెవడో ఎగరేసుకుపోతాడు. పాత కడ్డీలు, బిగిసిన స్ప్రింగులు, వాటంతటవే సర్దుకుంటాయిలే అని తనకి తనే చెప్పుకున్నాడు. లోకంలో ప్రతిదాన్నీ అనుమానించే మనిషి ఆ ఒక్కటీ నమ్మేశాడు. ఆశ అంత చెడ్డది.

"ఏం లేదులే. బ్రేకులు భేషుగ్గా ఉన్నాయి" అన్నాడు.

డబ్బు ఇస్తే పెద్దావిడ లెక్కపెట్టుకోలేదు. అరుగు మీద పెట్టేసింది.

తాడు కడుతుంటే భార్య గొంతు తగ్గించి చెప్పింది. "ఆవిడ ప్రశ్నలు విన్నారా? చీకటంటే భయమా? కబుర్లు చెప్పడం వచ్చా? ప్రయాణంలో నిద్రపోతావా? మీ ఆయన కూర్చోమంటే కూర్చుంటావా? కారు చూడ్డానికి మనం వచ్చామో, నన్ను చూడ్డానికి ఆవిడ రప్పించిందో అర్థం కాలేదండీ."

మేస్త్రి ముడి బిగిస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ బిగించాయి.

"అమ్మాయినే ఇందులో కూర్చోబెడతావా?" అని అడిగింది పెద్దావిడ.

"అవునమ్మగారూ. వ్యాను గేర్లు నా మాటే వింటాయి."

పెద్దావిడ కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలింది. కారు దగ్గరికి వచ్చి పైకప్పు మీద చెయ్యి వేసి గుసగుసగా అంది. "ఇక నన్ను వదిలెయ్యండి."

వ్యాను కదిలాక అద్దంలో చూస్తే, ఆవిడ చేతికర్ర అక్కడే పారేసి లోపలికి గబగబా నడిచి వెళ్ళిపోతోంది.

సందెచీకట్లు ముసురుకున్నాయి. చినుకులు మొదలయ్యాయి. వెనక కారులోంచి అరిచినా వినపడదు కాబట్టి ముందే సైగలు అనుకున్నారు. కిటికీలోంచి చెయ్యి పైకెత్తితే ఆగు, కిందకి ఊపితే నెమ్మదిగా. మేస్త్రి కన్ను రోడ్డు మీద కన్నా అద్దంలోనే ఎక్కువ ఉంది. వానలో ఆవిడ మొహం కనపడటం లేదు. చెయ్యి మాత్రం అప్పుడప్పుడూ బయటికి వస్తోంది. నెమ్మదిగా... నెమ్మదిగా...

ఊరి పొలిమేర దాటాక పెద్ద వాలు ఉంది. అక్కడ వెనక బండి సరిగ్గా బ్రేకు పట్టకపోతే తాడు సడలి, వచ్చి వ్యానుని గుద్దుతుంది. మేస్త్రి ఊపిరి బిగబట్టి దిగుతున్నాడు. తాడు వీసమెత్తు సడలలేదు. ఆవిడ జన్మలో ఇంత బాగా బ్రేకు వేసి ఎరగదు. పర్వాలేదే మా ఆవిడ అనుకున్నాడు.

ఎదురుగా లారీ ఒకటి వచ్చింది. దాని దీపాల వెలుగు వెనక కారు మీద పడింది.

కిటికీలోంచి ఊగుతున్న చేతికి గాజులు లేవు. మణికట్టు దాకా తెల్లటి చొక్కా చెయ్యి, దానికి గుండీ పెట్టి ఉంది.

ఆపాలి. ఆపితే వాలులో ఆ బండి వచ్చి గుద్దుతుంది. లోపల ఆవిడ ఉంది. ఆపలేడు... వదల్లేడు... అద్దంలో ఆ చెయ్యి నింపాదిగా ముందుకి ఊగుతోంది. పోనీ... పోనీ...

"భగవంతుడా, కారూ వద్దు ఏమీ వద్దు. దాన్ని నాకు ఇచ్చెయ్యి చాలు" అని మేస్త్రి పైకే ఏడ్చాడు.

వాలు దిగి చదును రాగానే వ్యాను ఆపి, వానలో పరిగెత్తాడు.

కారు అద్దాలు లోపల్నుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. డ్రైవరు సీటు ఖాళీ. ఆవిడ పక్క సీట్లో ఉంది. ఖాళీ సీటు వైపు తిరిగి ఏదో చెప్తూ, మధ్యలో నవ్వుతోంది. ఆ నవ్వు మేస్త్రి ఎరిగినదే. పెళ్ళైన కొత్తల్లో నవ్విన నవ్వు.

తలుపు పట్టుకుని లాగాడు. రాలేదు. అద్దం మీద దబదబా బాదాడు.

ఆవిడ ఉలిక్కిపడి ఇటు తిరిగింది. కళ్ళనిండా భయం. అది మేస్త్రిని చూసి కలిగిన భయం. వెంటనే ఖాళీ సీటు వైపు జరిగి, గొణిగినట్టు అంది.

"ఏమండీ... ఎవడో తలుపు లాగుతున్నాడు."

లోపల్నుంచి జవాబు వచ్చింది. కాస్త విసుగు, కాస్త ముద్దు కలిసిన గొంతు.

"ఎవడో తాగుబోతై ఉంటాడులేవే. నువ్వు అద్దం దించకు."

ఆ గొంతు మేస్త్రిదే.

ఆయన ఆవిడని పిలవబోయాడు. నోరు తెరుచుకుంది. ఊపిరి బయటికి వచ్చింది. మాట మాత్రం రాలేదు.