జానెడు దూరంలో

"మీకు మెనిస్కస్ పెట్టమంటారా?" అని కళ్ళద్దాల షాపతను అడగ్గానే ఆమె గుండె ఝల్లుమంది.

సరిగ్గా గంట క్రితం ఎముకల డాక్టరు అన్నదీ ఆ మాటే. మోకాలి కీలులో నెలవంకలా ఉండే మెత్త చిరిగిందట. దాని పేరు మెనిస్కస్ అట. కుట్టు వేయకపోతే జీవితాంతం కుంటాల్సిందేనట. ఆ కంగారులో మెట్లు దిగుతూ కళ్ళజోడు జారవిడిచి, తనే తొక్కేసుకుంది.

"నా మోకాలి సంగతి మీకెవరు చెప్పారు?" అంది కోపంగా.

అతను బిత్తరపోయాడు. "మోకాలేమిటండీ బాబూ! నేనంటున్నది అద్దం గురించి. ముందుకు ఉబ్బి, వెనక గుంటగా ఉంటుందే, అది. పక్కనుంచి చూడండి, నెలవంకలా లేదూ?"

ఆమె దాన్ని దాదాపు ముక్కుకి ఆనించుకుని చూసింది. నిజమే.

"మా కాలేజీ ల్యాబ్‌లోనూ ఉందండీ ఆ మాట. గాజు గొట్టంలో నీళ్ళ పైఅంచు వంగుతుంది కదా, దాన్నీ అలాగే అంటాం. వంగి, దానికి సమానంగా కన్ను పెడితేనే కొలత సరిగ్గా తెలుస్తుంది. రోజంతా అలా వంగి వంగే నా మోకాలు..." మాట పూర్తి చేయలేకపోయింది.

"ఏదో పాత భాషలో చిన్న చందమామ అని అర్థమట. పని నేర్పినాయన చెప్పాడు. మీ కాల్లోది డాక్టరు చూసుకుంటాడు, కళ్ళ సంగతి నాకు వదిలేయండి."

కళ్ళజోడు మర్నాటికే తయారైంది. అయినా ముక్కు మీద సరిగ్గా కూర్చోలేదంటూ ఆమె నాలుగుసార్లు వెళ్ళింది. అది మొదటిరోజే బ్రహ్మాండంగా కూర్చుందని ఇద్దరికీ తెలుసు.

షాపులో ఉన్నంతసేపూ నవ్వు. బయటికొస్తే మళ్ళీ భయం. ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా వేయించుకుంది. ఇంకోసారి వాయిదా అంటే కుట్టడానికి ఏమీ మిగలదని డాక్టరు కచ్చితంగా చెప్పేశాడు.

"రేపు పొద్దున్నే ఈ పక్క ఆస్పత్రిలోనే ఆపరేషన్. కోతకి కాదండీ నా భయం," అని చివరిసారి వెళ్ళినప్పుడు చెప్పేసింది. "ఆపరేషన్ గది బయటే కళ్ళజోడు తీసేసుకుంటారు. అమ్మ ముఖం కూడా మసకైపోతుంది. ఒక్క ముఖమైనా కనిపించకుండా లోపలికి వెళ్ళాలంటే చచ్చేంత భయంగా ఉంది."

అతను అద్దం తుడుస్తూ ఉండిపోయాడు. కనీసం 'ఏం కాదు' అని కూడా అనలేదు. ఆమెకు చివుక్కుమంది.

ఆపరేషన్ రోజు పొద్దున్న నర్సు కళ్ళజోడు తీసి తల్లి చేతికిచ్చింది. గోడలు, మనుషులు, దీపాలు అన్నీ కలిసిపోయాయి. ఆమె స్ట్రెచర్ కడ్డీని గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, నావల్ల కాదే. ఇంటికి పోదాం."

"ఒక్క నిమిషం, సిస్టర్!" అంటూ ఎవరో పరుగెత్తుకొచ్చారు. ఒక మసక ఆకారం స్ట్రెచర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. బొటనవేలు ఆమె నుదుటికి ఆనించి, అరచెయ్యి చాచి, చిటికెనవేలు దగ్గరికి తన ముఖం తెచ్చింది.

ఉన్నట్టుండి ముఖం తేటగా కనిపించింది. కనుబొమ మీది చిన్న మచ్చతో సహా అతనే.

"మీ కళ్ళ పవరు మైనస్ ఐదు. కళ్ళజోడు లేకపోయినా జానెడు దూరంలో అన్నీ కనిపిస్తాయి," అన్నాడు రొప్పుతూ. "కంటికి సమానంగా రావాలన్నారుగా, వచ్చాను. ఇప్పుడు చూసి చెప్పండి."

ఆమె చూసింది. ఆ కళ్ళలో తనకంటే ఎక్కువ భయం ఉంది.

"మీకెందుకండీ భయం?"

"మీకేమన్నా అవుతుందేమోనని. ఏమీ కాకుండా బయటికొచ్చి, నన్ను కాదంటారేమోనని."

"ఎవరండీ మీరు?" అంది నర్సు చిరాగ్గా.

"కళ్ళద్దాలవాణ్ణండీ."

ఆమె వేళ్ళు కడ్డీని వదిలాయి. "తీసుకెళ్ళండి సిస్టర్," అని అతనివైపు తిరిగింది. "నేను లేచేసరికి ఇంతే దూరంలో ఉండాలి. అప్పుడు చెప్తాను."

మెలకువ వచ్చేసరికి గది అంతా మసక. నోరు ఎండిపోయింది, కాలు బరువుగా ఉంది. మొదట మళ్ళీ భయం వేసింది. తల పక్కకి తిప్పితే జానెడు దూరంలో ఆ మచ్చ కనిపించింది.

తల్లి కళ్ళజోడు అందించబోయింది. "ఇప్పుడొద్దులే అమ్మా," అంది ఆమె, అతన్నే చూస్తూ.

"ఆ చెప్పేదేదో త్వరగా చెప్పవే తల్లీ," అంది తల్లి. "నిన్ను వార్డులోకి తెచ్చి గంటయింది. అప్పట్నుంచీ మోకాళ్ళ మీదే ఉన్నాడు. నువ్వింకా ఆలోచిస్తే అల్లుడికి కూడా అదే ఆపరేషన్ చేయించాలి!"