అడగకుండా నింపిన గడి

కేసు షీటులో ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా రాసే హౌస్ సర్జన్‌కి ఆదివారం సెలవు. బందరులోని ఆ ఆసుపత్రిలో మెడిసిన్ యూనిట్ చీఫ్ ఉమామహేశ్వరరావు గారు పెట్టిన పందెం ఇది. షీట్లు దిద్ది మార్కులు వేసే పని వేదశ్రీకి అంటగట్టారు. ఆమె కూడా హౌస్ సర్జనే గానీ, ఆమె షీట్లు ఎప్పుడూ నిండుగానే ఉంటాయని పోటీలోంచి తప్పించారు.

వాసు సంగతి వేరు. గిలకలదిండి కుర్రాడు. రోగుల్ని కబుర్లతోనే సగం నయం చేస్తాడు, కాగితం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని బద్ధకం. అలాంటివాడు ఆ వారం అందరికంటే ముందున్నాడు. వేదశ్రీకి సంతోషం వేసింది. ఇతరుల మార్కులు చూసినప్పుడు రాని సంతోషం ఇతనివి చూస్తేనే ఎందుకొస్తోందో ఆమెకు తెలుసు. అందుకే అతని షీట్లు మరింత గట్టిగా దిద్దింది.

శనివారం వేదశ్రీ, వాసు చూసే మహాలక్ష్మమ్మ అనే పెద్దావిడ మంచం దగ్గర ఆగి, పడని మందులేమైనా ఉన్నాయా అని మాటవరసకు అడిగింది.

"పెన్సిలిన్ సూది పడదమ్మా. ఓసారి చచ్చి బతికాను. ఇక్కడ నన్నెవరూ అడగలేదే."

షీటులో మాత్రం వాసు చేతిరాతతో 'లేవు' అని ఉంది.

వేదశ్రీకి ఒళ్లు మండింది. మెట్ల దగ్గర అతన్ని ఆపి షీటు చేతిలో పెట్టింది.

"ఖాళీగా వదిలేసినా నయమే వాసూ, చూసినవాళ్లు అడిగేవాళ్లు. నువ్వు రాసింది నమ్మి ఎవరైనా ఆ సూది వేసేస్తే?"

వాసు ముఖం పాలిపోయింది. గడి ఖాళీగా ఉంటే మార్కు పోతుందని రాసేశానన్నాడు. సాకులు చెప్పలేదు. మామ్మగారిని క్షమించమని అడిగి, అన్నీ కనుక్కుని, ఎర్ర సిరాతో దిద్దాడు. చీఫ్ గదికి కూడా తనే వెళ్లి చెప్పేశాడు. ఆయన చీవాట్లు పెట్టి, సెలవు రద్దు చేసి, పందెం పద్ధతి కూడా మార్చారు. ఇకపై 'ఇంకా అడగలేదు' అని నిజం రాస్తే మార్కు పోదు.

అప్పటికి వేదశ్రీ కోపం సగం దిగిపోయింది. క్యాంటీన్‌లో టీ గ్లాసు అతని ముందుకు జరిపి, ఆ ఆదివారం మీద అంత యావ దేనికని అడిగింది.

"అమ్మానాన్నల్ని తీసుకుని గూడూరు వద్దామనుకున్నా. మీ ఇంటికి."

"మా ఇంటికి దేనికి?"

"నీ గురించి మాట్లాడ్డానికి. మాది పడవలూ వలలూ, మీ నాన్నగారేమో హెడ్‌మాస్టరు చేసినాయన. ఏమంటారోనని వారం నుంచీ నిద్ర లేదు."

ఆమె గుండె ఝల్లుమంది. అయినా బయటపడలేదు.

"అయితే నన్నడక్కుండానే నా గడి కూడా నింపేశావన్నమాట," అని లేచి వెళ్లిపోయింది. వరండాలోకి రాగానే నాన్నగారికి ఫోన్ చేసింది.

ఆదివారం పొద్దున వానలో తడిసిన గొడుగు దులుపుకుంటూ ఆయన ఆసుపత్రికి వచ్చారు. రిటైరైన మనిషికి అన్నీ సెలవులే. వాసుని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకుని ఊరూ, ఇల్లూ, చదువూ అన్నీ ఆరా తీశారు. పక్క బల్ల దగ్గర షీట్లు దిద్దుతున్న వేదశ్రీ చదివిన పంక్తినే మళ్లీ మళ్లీ చదువుతోంది.

"మీవాళ్లతో నేను మాట్లాడతానులే," అన్నారాయన చివరికి. "మరి మా అమ్మాయి ఏమంది బాబూ?"

వాసు ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

"ఇంకా అడగలేదండీ."

పెద్దాయన నవ్వాపుకుంటూ, టీ తాగొస్తానని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. వాసు లేచి ఆమె బల్ల ముందుకొచ్చి, ఈసారి ఒక్క మాటా మింగకుండా అడిగాడు.

వేదశ్రీ పెన్ను మూత పెట్టింది.

"ఊఁ. ఇప్పుడు రాసుకో."