జేబులో డైనోసార్

చొక్కాలు నానబెట్టే ముందు జేబులు తడిమి చూడడం స్వర్ణలతకు పెళ్ళైన నాటి నుంచీ అలవాటు. వీరభద్ర జేబుల్లో ఏం దొరుకుతాయో ఆమెకు కంఠతా వచ్చు: వక్కపొడి పొట్లం, ఎరువుల కొట్టు చీటీలు, మూత పోయిన పెన్ను. ఆ సోమవారం ఉదయం మాత్రం నిన్నటి తెల్లచొక్కా జేబులో వేలికి గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే ఎర్రరంగు పూసిన చెక్క డైనోసార్, బొటనవేలంత ఉంది. సబ్బునీళ్ళ బకెట్ పక్కనే ఆమె కూలబడిపోయింది.

నిన్న సాయంత్రం ఇల్లంతా కలిసి వెతికిన బొమ్మ అది. సోఫా కింద, పరుపుల కింద, చివరికి ఒక ఆడపిల్ల సంచిలో కూడా వెతికారు.

ఆ పిల్ల శివజ్యోతి, వీరభద్ర చెల్లెలి కూతురు. వాళ్ళది కోసిగి దగ్గర పల్లె. తండ్రి మారెన్నకు కాస్త మెట్టపొలం ఉంది, పంట లేని రోజుల్లో కూలికి పోతాడు. వీరభద్ర తల్లి మహాదేవమ్మకు ఆ అల్లుడంటే మొదటి నుంచీ చిన్నచూపే, కూతురు తనంతట తాను కోరి చేసుకున్న సంబంధం మరి. పిల్లకు చదువు బాగా వస్తోందని, తొమ్మిదో తరగతికి కర్నూలులో మామ ఇంట్లో ఉంచారు. జ్యోతి పెట్టింది తినేది, చెప్పిన పని చేసేది, మిగిలిన వేళల్లో ఒక గోడవారన కూర్చుని చదువుకునేది. ఇంట్లో ఒక పిల్ల ఉన్నట్టే తెలిసేది కాదు.

ఆ ఆట స్వర్ణలత కొడుకు భూపేష్ పుట్టినరోజుకు వచ్చింది. తలా ఒక అట్ట, దాని మీద దొడ్లు, మధ్యలో ఒక ఏరు. గుడ్డసంచిలో చేయి పెట్టి, చూడకుండా గుప్పెడు డైనోసార్లు తీసుకోవాలి. అందులో ఒకటి తన దొడ్లో పెట్టుకుని, మిగతావి పక్కవాళ్ళ చేతిలో పెట్టాలి. ఒక దొడ్లో అన్నీ ఒకే రకం ఉండాలి, ఇంకో దొడ్లో ఏ రెండూ ఒకటి కాకూడదు. ఎక్కడా ఇమడనిది ఏట్లోకి పోతుంది. ఎర్రది ఉన్న దొడ్డికి ఒక మార్కు ఎక్కువ. ఆడేది పిల్లలే అయినా, ఆదివారాలు సంగటీ నాటుకోడీ తిన్నాక పెద్దవాళ్ళూ కూర్చునేవాళ్ళు. ప్రతిసారీ జ్యోతే గెలిచేది. భూపేష్ చప్పట్లు కొట్టేవాడు. వీరభద్ర మాత్రం మొహం మాడ్చుకునేవాడు. ఎరువుల కొట్లో పదిమంది చేత అన్నా అనిపించుకునే మనిషికి మారెన్న బిడ్డ చేతిలో ఓడిపోవడం మింగుడుపడలేదు.

నిన్న ఆట చివరికొచ్చింది, చేతులు మారాల్సినవి రెండేసి బొమ్మలే. వీరభద్ర తన చేతిలోవి జ్యోతికిచ్చాడు, జ్యోతి ఒకటి పెట్టుకుని భూపేష్‌కు ఇవ్వాలి. ఒకటి పెట్టాక ఆమె చేయి ఖాళీగా ఉంది. నాకు రావాల్సింది ఏదని భూపేష్ ఏడుపు లంకించుకున్నాడు. జ్యోతి మెల్లగా, తనకు ఒకటే వచ్చిందని చెప్పింది. వీరభద్ర కళ్ళార్పకుండా, నేను రెండిచ్చినా అన్నాడు. ఇంకెవరూ ఇంకో మాట అడగలేదు. బుద్ధులు యాడికి పోతాయి, నాయనవే వస్తాయి అంది మహాదేవమ్మ, సంచి చూడమని కోడలికి చెప్పింది.

చూసింది స్వర్ణలతే. సంచి తలకిందులు చేసి నేల మీద కుమ్మరించింది. పుస్తకాలు, ఒక జత బట్టలు, వాటి మధ్య నుంచి ఆడపిల్ల ఎవరి కంటా పడకుండా దాచుకునే నెలసరి పొట్లం జారిపడ్డాయి. జ్యోతి కిందికి వంగి చున్నీతో దాన్ని కప్పింది. వీరభద్ర అప్పుడు టీవీ వైపు చూస్తున్నాడు, ఇదే తెల్లచొక్కా వేసుకుని. మహాదేవమ్మ ఊరుకోక మారెన్నకు ఫోన్ చేసి, వచ్చి నీ బిడ్డను తీసుకుపొమ్మంది. ఈ రోజు జ్యోతి బడికి పోలేదు. తన వస్తువులన్నీ గదిలో ఒక మూల కుప్పగా ఉంటే, వాటి పక్కన కూర్చుంది. తండ్రి బస్సులో వస్తున్నాడు. పోతే మళ్ళీ చదువుకు పంపడని అందరికీ తెలుసు.

స్వర్ణలత తడిచేతులతోనే హాల్లోకి వచ్చింది. భూపేష్ బడికి వెళ్ళిపోయాడు. వీరభద్ర ఉగ్గాని తింటున్నాడు. పళ్ళెం పక్కన ఆమె డైనోసార్‌ను పెట్టింది. అతను దాన్ని చూశాడు, వంటగదిలో ఉన్న తల్లి వైపు చూశాడు, గొంతు తగ్గించాడు.

"మళ్ళీ సంచిలో ఏసేద్దామనే అనుకున్నా. అంతలో వాడు ఏడుపెత్తుకున్నాడు. అంతమందిలో యాడ తీయాల?"

"జ్యోతికి ఎర్రది పోకూడదని దాచుకుంటివి. పైన రెండిచ్చినానని చెప్తివి."

"ఆటలో అన్నా. కోర్టులో సాక్ష్యం చెప్పినానా?" అతను ఇంకో ముద్ద తిన్నాడు. "దాన్ని సోఫా కింద ఏసేయ్. చీపురేస్తాంటే దొరికిందని చెప్తే సరిపోతాది. మారెన్నకు చాయ్ ఇచ్చి పంపిద్దాం. పిల్లా ఈడనే ఉంటాది, ఎవురికీ మాట రాదు."

చెప్పొద్దూ, ఒక్క క్షణం ఆమెకూ ఆ మాట బాగానే ఉందనిపించింది. ఇల్లు చల్లగా ఉంటుంది, మొగుడి పరువు నిలుస్తుంది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది. పదిహేనేళ్ళు ఈ మనిషి చొక్కాలు ఉతికి, గంజి పెట్టి, మల్లెపూవులా చేసి ఇచ్చింది. లోపల ఇంత కుళ్ళు ఉంటుందని అనుకోలేదు. డైనోసార్‌ను తీసుకుని కొంగున ముడేసుకుంది. చొక్కా బకెట్‌లో వేయకుండా తెచ్చి అతని కుర్చీ మీద పడేసింది.

"ఇది నువ్వే ఉతుక్కో," అంది.

మారెన్న వచ్చేసరికి ఎండ ముదిరింది. భుజాన తువ్వాలు, చేతిలో ఉల్లిగడ్డల సంచి. చెప్పులు మెట్ల కిందే విడిచి, ఎప్పటిలాగే వరండా దాటకుండా నిలబడ్డాడు. మహాదేవమ్మ గడపలో కూర్చుని ఉంది. లోపలికి రమ్మనలేదు. జ్యోతి తలుపు చాటున నిలబడింది.

"తప్పయిపోయినాదత్తా," అన్నాడు మారెన్న చేతులు జోడించి. "పిల్ల తీయలేదంటాది, నాకు తెలీదు. బావా, ఆ బొమ్మకు ఎంతవుతాదో చెప్పు. దుడ్లు ఇచ్చి పోతా."

వీరభద్ర సోఫాలో వెనక్కి వాలాడు. "దుడ్లు దేనికిలే బావా. చిన్నపిల్ల, తెలీక చేసింటాది. మేమేం మనసులో పెట్టుకోలే."

ఆ క్షమాగుణం స్వర్ణలత భరించలేకపోయింది. దొంగతనమైనా చిన్నదే, అబద్ధమైనా ఎలాగోలా మింగొచ్చు, కానీ తాను చేసిన తప్పుకు ఇంకొకరిని క్షమించడం ఏం బతుకు? కొంగుముడి విప్పి, డైనోసార్‌ను మొగుడి ముందు టీపాయ్ మీద నిలబెట్టింది.

"పెద్దమనసు చాలించప్పా. ఇది యాడ దొరికిందో మారెన్నన్నకు నువ్వే చెప్పు. నేను చెప్పను."

వీరభద్ర మొహం ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. లేచి పోదామన్నట్టు కాళ్ళు సర్దుకున్నాడు. కుర్చీ మీద మడతలు పడి ఉన్న తెల్లచొక్కా కంటబడింది. మళ్ళీ కూర్చున్నాడు.

"నా జేబులో ఉండాది," అన్నాడు చివరికి. "నేనే దాచినా. పాపకు ఒకటే ఇచ్చినా."

మారెన్న జోడించిన చేతులు మెల్లగా కిందికి దించాడు. కోపం చేసుకుని ఉంటే అందరికీ తేలికయ్యేది. అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడంతే. మహాదేవమ్మ కొడుకు వైపు చూసింది, నిన్న తను అన్న మాట గుర్తొచ్చిందేమో, తల దించుకుంది. కాసేపటికి గడపలోంచి జరిగి దారి ఇచ్చింది.

"ఈ చేత్తో చేసిన ఫోన్, ఈ నోటితో అన్న మాట. ఏం చెప్పేదప్పా నీకు," అంది. "లోపలికి రా, కూర్చో." అతను ఈ ఇంటి అల్లుడైనప్పటి నుంచి ఆ మాట ఆమె నోట రావడం ఇదే మొదలు.

అతను రాలేదు. తలుపు వైపు తిరిగి, పోదామా, ఉంటావా, నీ ఇష్టమేమ్మా అని కూతుర్ని అడిగాడు.

వీరభద్ర లేచి, తప్పు నాదేనమ్మా, సాయంత్రం భూపేష్‌కు కూడా నేనే చెప్తా అన్నాడు. జ్యోతి తలూపింది కానీ మామ వైపు చూడలేదు. అత్త వైపే చూస్తోంది. నిన్న కూడా ఆ పిల్ల ఇలాగే తన వైపు చూసిందని స్వర్ణలతకు అప్పుడు తట్టింది.

"ఒకటే వచ్చిందని నిన్ననే చెప్పినా కదత్తా," అంది జ్యోతి.

మొగుడి మీద పొద్దున్నుంచీ పేరుకున్న అసహ్యమంతా స్వర్ణలత వైపే తిరిగింది. అబద్ధం చెప్పింది ఆయనే. సంచి కుమ్మరించిన చేతులు మాత్రం తనవి. పిల్ల నిజం చెప్పింది, వినబడేట్టే చెప్పింది, తను విననే లేదు. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. తప్పయిందమ్మా అందామనుకుంది, ఆ మాట ఇప్పుడు చాలదనిపించింది.

గదిలోకి వెళ్ళి ఆ కుప్ప ముందు నేల మీద కూర్చుంది. సంచి దులిపింది. నిన్న తను కుమ్మరించినవన్నీ ఒక్కొక్కటే తీసి, మడత పెట్టి, లోపల సర్దడం మొదలుపెట్టింది. ఆ పొట్లాన్ని బట్టల మధ్య ఎవరికీ కనపడకుండా పెట్టింది. ఊరికి పోవడానికి సర్దుతోందో, ఉండడానికి సర్దుతోందో ఆమెకే తెలియదు. అడిగే మొహం లేదు.

జ్యోతి వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు అత్త చేతుల వైపు చూసింది. తర్వాత అడుగున పడిపోతున్న పుస్తకాన్ని ఆపి, అత్త చేతికి తిరిగి అందించింది.

"లెక్కల పుస్తకం పైన పెట్టత్తా," అంది. "రేపు బళ్ళో కావాల."