సావాసం పెట్టె

ప్రవల్లిక పాలను వాసన చూడనిదే పొయ్యి మీద పెట్టదు. దించాక మళ్లీ ఒకసారి చూస్తుంది. రైల్వే వర్క్‌షాప్‌లో పనిచేసే భర్త జయప్రకాష్ ఆమెను అనుమానపు పక్షి అని ఆటపట్టిస్తే, ఈ పక్షి కాపలా ఉండబట్టే మీకు ఇంతవరకూ కడుపునొప్పి రాలేదు అంటుంది. అలాంటి మనిషి తన బ్లాగు తలుపులు మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లకి బార్లా తెరిచేసింది.

బ్లాగంటే మహా గొప్పదేం కాదు. బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, సుభాష్‌పల్లిలోని చిన్న ఇంట్లో, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక కూర్చుని, తాతల కాలంలో రైలు పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ల వంటలు రాసేది. వర్క్‌షాప్ సైరన్ కూసేలోపు క్యారియర్ ఎలా సర్దేవారో, బెంగాలీ పొరుగువాళ్ల ఆవాల ముద్ద మన కూరల్లోకి ఎలా చేరిందో, అలాంటివి. ఓపిగ్గా రాసేది, బాగా రాసేది. చదివేవాళ్లే లేరు.

నమ్మకంగా చదివేది ఒక్క మీనా పిన్ని. ప్రవల్లిక తల్లి పోయాక ఆ లోటు తెలియకుండా చూసుకున్నది ఈ మీనాకుమారే. అదే ఊళ్లో, తాల్‌బగీచాలో ఒక్కతే ఉంటుంది. కొత్త వంట పెట్టిన కాసేపటికే పిన్ని నుంచి ఫోను మోగేది. "ఒలే పవీ, ఉప్పెంతో రాయలేదేటి?" అని మొదలుపెట్టి, తప్పులన్నీ ఏరి, చివర్లో బాగుందిలే అనేది. ఆ ఒక్క మాట కోసమే ప్రవల్లిక రాసేదంటే అబద్ధం కాదు.

విశాఖలో ఉండే స్నేహితురాలు వినీత కూడా వంటల బ్లాగు రాస్తుంది. సావాసం అనే విడ్జెట్ పెట్టుకోమని చెవినిల్లు కట్టుకుని పోరింది. ప్రతి పోస్టు కిందా ఒక పెట్టె వస్తుంది, అందులో వేరేవాళ్ల పోస్టుల బొమ్మలు ఉంటాయి. మన పాఠకులు ఆ బొమ్మ నొక్కితే వాళ్ల బ్లాగుకి వెళ్తారు. బదులుగా వాళ్ల పెట్టెలో మన బొమ్మ ఉంటుంది, వాళ్ల పాఠకులు మన దగ్గరికి వస్తారు. ఒకరిని పంపితే ఒకరు వస్తారు, అంతే.

ప్రవల్లిక ముక్కు విరిచింది. ఉన్న ఒక్క పాఠకురాలినీ పరాయి ఇంటికి పంపి, ఎవరో తెలియనివాళ్లని తెచ్చి నట్టింట్లో కూర్చోబెట్టుకుంటే ఏం లాభం అని అడిగింది. వినీత నవ్వేసింది. కొన్నాళ్లకి ఎవరూ చదవట్లేదన్న దిగులు అనుమానం కంటే పెద్దదైపోయింది. పెట్టె వచ్చి కూర్చుంది.

మొదట్లో ఆమె అనుమానమే నిజమైంది. ఎవరెవరు వచ్చారో చూపే లెక్కల పేజీలో అంకెలు పొంగాయి గానీ, వచ్చినవాళ్లు గుమ్మంలో కాలు పెట్టీ పెట్టకుండానే వెళ్లిపోతున్నారు. ఒక్కరూ ఒక్క ముక్క రాయరు. వీళ్లు మనుషులు కారు, మిషన్లే అయ్యుంటాయి అనుకుంది. పైగా బ్లాగు తెరుచుకోవడం కూడా మెల్లగా అయిపోయింది. పెట్టె తీసేద్దామని కూర్చున్న రోజునే ఆవిడ వచ్చింది.

'అప్పలకొండ వంటిల్లు' అనే బ్లాగు నుంచి వచ్చింది. మొట్టమొదటి పోస్టు దగ్గర మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఒక్కటీ వదలకుండా చదివింది. పిన్ని దగ్గర నేర్చుకుని రాసిన ఆనపకాయ పులుసు కింద ఒక వ్యాఖ్య కనిపించింది. "ముక్క ఉడక్కుండానే చింతపండు ఏసీసినావేటి తల్లీ."

ప్రవల్లికకి ప్రాణం లేచొచ్చింది. తప్పు పట్టిందంటే చదివిందనేగా! ఆ బ్లాగు తెరిచి చూసింది. వంటలేమీ లేవు. ఉన్నది ఒకటే పేజీ. మూత పెట్టిన స్టీలు గిన్నె బొమ్మ, దాని కింద "రండి, కూకోండి" అన్న రెండు మాటలు. ఇదేం బ్లాగు అనిపించింది గానీ, ఎవరో పెద్దావిడ, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది కాబోలని సర్దుకుంది.

సుభాష్‌పల్లి వీధుల్లో ఒక పద్ధతి ఉంది. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే కాస్త పంచదారైనా వేసి ఇస్తారు. చిన్నప్పుడు ఖాళీ గిన్నె పట్టుకెళ్లబోయి పిన్ని చేత మొట్టికాయ తిన్న పిల్ల ప్రవల్లిక. తన రాతలన్నీ కూర్చుని చదివిన మనిషికి బదులేమీ ఇవ్వకపోతే మనసొప్పలేదు. గిన్నె బొమ్మని అన్ని పోస్టుల కిందా, పెట్టెలో మొదటి చోట కదలకుండా పెట్టేసింది. పైన "ఈ అమ్మగారింటికి తప్పక వెళ్లండి" అని కూడా రాసింది. పాలు వాసన చూసే మనిషి ఆ పూట మరేదీ వాసన చూడలేదు.

తరువాతి పోస్టుకి పిన్ని నుంచి ఫోను రాలేదు.

ఆ తరువాతి దానికీ రాలేదు. లెక్కల పేజీ తెరిస్తే, అప్పలకొండ వంటింటికి ఇక్కడి నుంచి వెళ్లినవారు ఒకరు అని ఉంది. ఆ ఒక్కరు ఎవరో ప్రవల్లికకి వేరే చెప్పక్కర్లేదు. తనే ఫోను చేసింది. చాలాసేపు మోగాక పిన్ని ఎత్తింది.

"సదువుతున్నానే... ఆవిడ ఎంత బాగా రాసిందో."

"ఎవరు పిన్నీ? ఏటి రాసింది?"

"మరి పిలవకు... మధ్యలో ఉన్నాను."

ఫోను కట్టయింది. ప్రవల్లిక ఆ పేజీ మళ్లీ తెరిచింది. అదే గిన్నె, అవే రెండు మాటలు. చదవడానికి అందులో ఏముంది? గిన్నె మీద మూత మాత్రం కొంచెం పక్కకి జరిగి ఉంది. మొదట అలా ఉన్నట్టు ఆమెకు గుర్తులేదు.

జయప్రకాష్ డ్యూటీలో ఉన్నాడు. ఆమె ఒక్కతే టోటో రిక్షా ఎక్కి తాల్‌బగీచా బయల్దేరింది. ఇంకా సాయంత్రమే గానీ, వేసవి గాలివాన, కాలబైశాఖి లేచి ఆకాశం నల్లబడిపోయింది. తడి మట్టి వాసన ముఖానికి కొడుతోంది. పిన్ని వీధి మొదట్లోకి వచ్చేసరికి కరెంటు పోయింది. దూరంగా రైల్వే యార్డులో బోగీలు ఒకదానికొకటి తగులుకుంటున్న చప్పుడు తప్ప మరేదీ వినపడటం లేదు. పక్కింటి బెంగాలీ అమ్మాయి పూజ గేటు దగ్గర కనిపించి, మీ పిన్ని, మా మాసీమా, బయటికే రావట్లేదు, లోపల ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటోంది, చుట్టాలెవరైనా వచ్చారా అని అడిగింది. ప్రవల్లిక గబగబా గేటు దాటింది.

తలుపు చేరవేసి ఉంది. తోయగానే పులుసు కాగుతున్న వాసన గుప్పుమంది. పిన్నీ అని పిలుస్తూ వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి మీద గిన్నె లేదు. పొయ్యి ముట్టుకుంది. చల్లగా ఉంది. బోర్లించిన గిన్నెల మీద దుమ్ము పేరుకుని ఉంది. వాసన మాత్రం ఇంకా చిక్కబడుతోంది.

పిన్ని గదిలో మంచం మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను. బొటనవేలు తెర మీద పైకి జరుగుతోంది... కళ్లు వరసగా, ఒక్కో వాక్యం వెంట కదులుతున్నాయి... పెదవులు ఆడుతున్నాయి. ప్రవల్లిక దగ్గరికి వంగి చూసింది.

తెర నల్లగా ఉంది. ఫోను ఎప్పుడో ఆరిపోయింది.

పిన్ని గుసగుసగా చదువుతోంది.

"ప్రవల్లిక లోపలికి వచ్చింది... చెప్పులు విప్పలేదు..."

ప్రవల్లిక కాళ్లవైపు చూసుకుంది. విప్పలేదు.

"పొయ్యి ముట్టుకుంది... చల్లగా ఉంది..."

వేలు పైకి జరిగింది.

"ఇప్పుడు వెనక్కి తిరిగి చూడాలనుకుంటోంది..."

వెనక గాజులు కదిలాయి. చాలా దగ్గరగా. మెడ మీద వెచ్చటి ఊపిరి... అందులో చింతపండు పులుపు...

ఆమె తిరగలేదు. తన ఫోను తీసి, బ్లాగు తెరిచింది. పేజీ కదలదు... తెల్లగా అలాగే ఉంది... పెట్టె సెట్టింగులు మెల్లగా ఒక్కొక్కటే వచ్చాయి.

"తియ్యకే," అంది పిన్ని, తెర మీంచి కళ్లు ఎత్తకుండా. "అంత దూరం నుంచి వచ్చింది... ఆవిడని ఖాళీగా పంపుతావా?"

నిజంగా తొలగించాలా అని అడిగింది పేజీ.

నొక్కింది.

పులుసు వాసన టక్కున ఆగిపోయింది. పిన్ని చేతిలోంచి ఫోను జారి మంచం కిందికి పోయింది. పిన్ని కళ్లు ఆర్పి, చుట్టూ చూసి, ఎప్పుడొచ్చినావు అని అడిగింది. ప్రవల్లిక ఆమెను పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేసింది. మంచం కింద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికి ఉంటుంది? ఆ ఫోను అక్కడే వదిలేసి, ఇంటికి తాళం వేసి, పిన్నిని సుభాష్‌పల్లి తీసుకొచ్చేసింది.

మర్నాడు ఎండ కాసింది. లెక్కల పేజీలో అంకెలు పాత స్థితికి పడిపోయాయి, ప్రవల్లికకి అదే హాయిగా అనిపించింది. పెట్టె తీసేశావేం, ఇంతకీ దానివల్ల లాభం ఉందా లేదా అని వినీత మెసేజ్ పెట్టింది. చదివేవాళ్లు లేకపోయినా నష్టం లేదు, మా పిన్ని ఉంటే చాలు అని రాద్దామనుకుంది. ముందు పిన్నికి అన్నం పెట్టాలని ఫోను పక్కన పెట్టింది. పిన్నికి ఇష్టమని ఆనపకాయ పులుసు కాచింది. చింతపండు ముందే వేసి కాచడం పిన్ని చేతి పద్ధతి, అలాగే కాచింది.

పిన్ని ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది.

"ముక్క ఉడక్కుండానే చింతపండు ఏసీసినావేటి తల్లీ."

ప్రవల్లిక చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పిన్ని ఆమెను పవీ అనడమే గానీ, తల్లీ అని ఎన్నడూ పిలిచి ఎరగదు.

అప్పుడే ఫోను మోగింది. తెర మీద 'మీనా పిన్ని' అని పడింది. ఆ ఫోను తాళం వేసిన ఇంట్లో, మంచం కింద, ఆరిపోయి ఉంది... మోగుతూనే ఉంది... కొత్త వంట పెట్టినప్పుడల్లా మోగినట్టే.

ఎదురుగా కూర్చున్న మనిషి తల ఎత్తలేదు. అన్నం కలుపుకుంటూనే, మెల్లగా అంది.

"ఎత్తకు తల్లీ. కూకో."