ఎదురొచ్చిన మొహం

చంద్రుడి మీద ఎదురు రావడం అంత తేలిక కాదు.

భూమ్మీదైతే ఎవరైనా ముఖ్యమైన పని మీద బయల్దేరుతుంటే, ఇంట్లోవాళ్లు వీధిలోకి వెళ్లి నాలుగడుగులు ఎదురు నడిచొస్తే సరిపోతుంది. శశిపురం కాలనీలో వీధులు లేవు. గాలి నింపిన గొట్టాల్లాంటి నడవాలున్నాయి. ఎదురు రావాల్సిన మనిషి వెనక తలుపులోంచి ముందే బయటపడి, నాలుగో నడవా అంతా చుట్టి, ఇంటి తలుపు తెరుచుకునే వేళకి సరిగ్గా అక్కడికి చేరాలి. ఇక్కడ బరువు ఆరో వంతే కాబట్టి కాస్త తొందరపడితే మనిషి గాల్లోకి లేస్తాడు. శుభమా అని బయల్దేరే పిల్లకి తండ్రి కప్పలా గెంతుతూ ఎదురొస్తే ఏం బాగుంటుంది? అందుకని ఉమాపతి గోడకున్న కమ్మీ పట్టుకుని, పీటల మీదికొచ్చే పెళ్లికొడుకులా మెల్లగా నడిచొచ్చేవాడు.

ఆయనకి శకునాల మీద నమ్మకం లేదు. భార్య కాత్యాయినికి ఉంది. కూతురు మేఖల ఏ ఆడిషన్‌కి వెళ్లినా ఆవిడే ఎదురొచ్చేది. రెండేళ్ల క్రితం ఆవిడకి కూరగాయల గుమ్మటంలో పొద్దుటి షిఫ్టు పడింది.

"ఇకనుంచి మీరు రండి. నమ్మకపోతే మానెయ్యండి, నడవడానికేం?" అంది. నడవడానికి అభ్యంతరం లేదు కాబట్టి ఆయన ఒప్పుకున్నాడు.

అది 2094వ సంవత్సరం. యంత్రాలు గీసిన మొహాలతో జనం విసిగిపోయి, సినిమాల్లో మళ్లీ ఊపిరి పీల్చే మనుషులే కావాలంటున్నారు. చంద్రుడి మీదైతే తాళ్లు కట్టకుండానే ఫైట్లు తియ్యొచ్చని స్టూడియోలు ఇక్కడికొచ్చేశాయి. ఒక్కో వేషానికి రెండొందల మంది పిల్లలు వరస కట్టేవారు. మేఖల పద్నాలుగో ఏట నుంచీ ఆ వరసలో ఉంది. తల్లి ఎదురొచ్చిన రోజుల్లో ఐదుసార్లు వెళ్తే రెండు చిన్న వేషాలు దొరికాయి. తండ్రి రావడం మొదలెట్టాక పదకొండుసార్లు వెళ్లింది. ఒక్కటీ దొరకలేదు.

వచ్చే నెల మేఖలకి పద్దెనిమిది నిండుతాయి. ఆ రోజుకి చేతిలో ఏ పనీ లేనివాళ్లు నీటి శుద్ధి కేంద్రంలో ఆరేళ్లు పనిచెయ్యాలన్నది కాలనీ నియమం. ఈలోగా మిగిలింది ఒక్క ఆడిషన్, గురువారంనాడు. హీరో చెల్లెలి వేషం.

శకునాలు నమ్మని ఉమాపతి ఒక యంత్రాన్ని నమ్ముకున్నాడు. ఆయన ఉద్యోగం గుమ్మటాల అద్దాల్లో పగుళ్లు కనిపెట్టడం. అద్దంలో కంటికి కనపడని ఒత్తిడినంతా కొలిచి, ఎక్కడ, ఎప్పుడు పగులుతుందో ముందే చెప్పే యంత్రాన్ని ఆయనా, సహోద్యోగి రజియా కలిసి తయారుచేశారు. పిల్లకి ఎదురు వెళ్లే బాధ్యత నెత్తిన పడిన వారంలోనే, ఆరాటం పట్టలేక, దాని నకలొకటి ఇంటికి తెచ్చుకున్నాడు. స్టూడియోలు బయటపెట్టిన వేల ఆడిషన్ల రికార్డులు దానికి నేర్పాడు. మేఖల నడకా, నాడీ కనిపెట్టడానికి దాన్ని నడవా కెమెరాలకి కలిపాడు. అభ్యర్థి గొంతు, నడక, నాడి వేగం, వరసలో ఎన్నో మనిషి, డైరెక్టర్ పొద్దున్న టిఫిన్ చేశాడా లేదా, అన్నీ లెక్కలోకి తీసుకుని వందకి ఇంత అని ఒక అంకె చెబుతుంది. దానికి ఫలసూచి అని పేరు పెట్టాడు. మేఖల బయల్దేరే ముందు, ఆయన నడవా తిరుగుతుండగా, చెవిబొత్తాంలో ఆ అంకె వినపడేది. మొదటిసారి నలభై ఒకటి. తర్వాత ముప్పై మూడు. తర్వాత ఇరవై నాలుగు. పదకొండోసారి తొమ్మిది.

బుధవారంనాడు ప్రయోగశాలలో ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. మూడుసార్లు టీ పోసుకుని మూడుసార్లూ చల్లార్చాడు. రజియా చూసీ చూసీ విషయం అడిగింది. ఆయన చెప్పుకున్నాడు.

"మొదటిసారి నలభై ఒకటా?" రజియా నోరు తెరిచింది. "రెండొందల మందిలో నలభై ఒకటంటే లడ్లు పంచుకోవాలండీ!"

"సగం కూడా లేదు కదా రజియా గారూ."

"మీలాంటి తండ్రులు తొంభై తొమ్మిది వచ్చినా ఆ ఒక్కటీ ఏమైందని ఏడుస్తారు. సరే గానీ, గుమ్మటం పగిలితే మనం మొదట ఏమడుగుతాం?"

"పగులు ఎక్కడ మొదలైందీ అని."

"మరి పిల్ల సంగతిలో అదెందుకు అడగలేదు?"

"భయమేసి," అన్నాడు ఉమాపతి. గొంతులోనే ఏదో లోపం ఉందంటే పిల్ల మొహం ఎలా చూడాలి?

రజియా ఆయన్ని జరిపి, ఇంట్లో ఉన్న నకలుని ప్రయోగశాల తెరకి కలిపి తనే అడిగింది. "ఫలసూచీ, ఈ పదకొండు ఆడిషన్లలో పగులు మొదలైన చోటు చూపించు."

తెర మీద పదకొండు బొమ్మలొచ్చాయి. ఒక్కటీ స్టూడియోది కాదు. అన్నీ నాలుగో నడవాలో భద్రతా కెమెరా తీసినవి. సమయం ఇంచుమించు ఎనిమిదీ యాభై రెండు. పదకొండింటిలోనూ కమ్మీ పట్టుకుని నడిచొస్తున్న ఒకే మనిషి, చావు కబురు చెప్పడానికొస్తున్నట్టు.

"ఇది నేను కదూ?" అన్నాడు ఉమాపతి.

"అవును," అంది ఫలసూచి. "అంకె వినగానే మీ మొహం మారుతుంది. ఆ మొహం చూడగానే అమ్మాయి భుజాలు జారిపోతాయి, నాడి లయ తప్పుతుంది. స్టూడియోకి చేరేసరికి గొంతు లోపలికి పోతుంది. ఆ సంగతి కూడా కలుపుకునే నేను అంకె చెబుతున్నాను."

"నేను విననే వినకపోతే?"

"మీ మొహం తీసేసి లెక్కేస్తే ఈ పదకొండింటిలో నాలుగు దొరికి ఉండేవి."

"ముందే చెప్పొచ్చు కదా!" అని అరిచాడు ఉమాపతి.

"మీరు అంకె అడిగారు. మూలం ఇవాళే అడిగారు."

యంత్రాల మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. అడిగినదానికే జవాబు చెప్పే గుణం వాటికి మనం పెట్టిందే. ఆ రాత్రి ఆయన భార్యతో ఏమీ చెప్పలేదు. నాలుగు వేషాలు తన మొహం మూలాన పోయాయని ఏ తండ్రి చెబుతాడు?

గురువారం పొద్దున్న చెవిబొత్తాం తీసి జేబులో పడేసి, వెనక తలుపులోంచి బయటపడ్డాడు. అంకె లేకుండా నడవా రెండింతలు పొడుగనిపించింది. దార్లో స్టీలు గోడలో చూసుకుని నవ్వు మొహం ఒకటి పెట్టి చూశాడు, పళ్లు నొప్పి ఉన్నవాడిలా ఉంది. తీసేశాడు. గంభీరంగా పెట్టి చూశాడు, అదీ పాత మొహంలాగే ఉంది. ఇంకోటి వెతుక్కునేలోపు తలుపు తెరుచుకుంది.

మేఖల గుమ్మంలో ఆగిపోయింది. ఆయన మొహంలోకి నిదానంగా చూసింది. "ఎంతొచ్చింది?" అంది.

"ఏది ఎంత?"

"నంబరు నాన్నా. నాకు తెలీదనుకున్నావా? ముప్పై అయితే చెవి గోక్కుంటావు. ఇరవైకి దిగితే సరిగ్గా తిన్నావా అంటావు. పోయినసారి భుజం తట్టి, ఏం పర్లేదులేమ్మా అన్నావు. ఇంకా వెళ్లనేలేదు, అప్పుడే పర్లేదేంటి?"

ఉమాపతి కమ్మీ వదిలేశాడు. రెండేళ్లుగా తను దాస్తున్నాననుకున్నదంతా పిల్ల అక్షరం పొల్లుపోకుండా చదివేసింది. ఇలా మొహాలు చదవగలిగిన పిల్లకి నటన రాదని ఎలా భయపడ్డాడు?

"ఇవాళ వినలేదమ్మా. ఒట్టు."

మేఖల మళ్లీ చూసింది. ఈసారి ఇంకాస్త దగ్గరగా. "నిజమే. ఇవాళ నంబరు లేదు. ఉత్త భయం."

"చాలా భయంగా ఉంది తల్లీ."

"నాకూనూ." పిల్ల మొహం విచ్చుకుంది. "హమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నా. వెళ్లొస్తా నాన్నా." మలుపు దాకా గెంతుతూనే వెళ్లింది, చిన్నప్పుడు బడికి వెళ్లినట్టు.

మలుపులో కూతురి వీపు కనుమరుగయ్యాక ఉమాపతికి ఏడుపొచ్చినంత పనయింది. సంతోషమో, ఆరాటమో ఆయనకే తెలియలేదు. ఫలితం ఇరవై రోజులకి గానీ రాదు. నడవాలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. పక్కింటి తలుపు మీద పేరు మూడుసార్లు చదివాడు. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఊరికే, పెట్టుకుని ఉంటే తప్పేముందని చెవిబొత్తాం చెవిలో పెట్టుకున్నాడు.

"అమ్మాయి సంగతి నాకు తెలియదు," అంది ఫలసూచి, ఆయన నోరు తెరవకముందే. "మీరు అంకె వినకుండా ఎదురొచ్చిన రోజు నా రికార్డుల్లో ఒక్కటీ లేదు. ఈ మొహం నాకు కొత్త."

"మంచిది. నేనడగలేదు కూడా."

"మీ సంగతైతే చెప్పగలను. ఇవాళ సాయంత్రంలోపు మీరు నన్ను ఇంకో జోస్యం అడుగుతారు. వందకి తొంభై తొమ్మిది."

"చచ్చినా అడగను. పిల్లని పాడుచేసింది చాలు." ఉమాపతి గట్టిగానే అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. అటు నాలుగడుగులు వేశాడు. ఇటు నాలుగడుగులు వేశాడు.

"ఇంతకీ ఎన్నింటికి అడుగుతానంటావు?"

"ఎనిమిదీ యాభై తొమ్మిదికి," అంది ఫలసూచి.

ఉమాపతి తలెత్తి నడవా గడియారం చూశాడు. ఎనిమిదీ యాభై తొమ్మిదే అయింది.