తెల్ల మూతల సీసాలు

ఆ ఇంట్లో తెల్లారిందంటే ముందు డబ్బాల చప్పుడు వినిపించేది. ధనమ్మ వంటింట్లోకి వెళ్ళి, లైటు కూడా వేయకుండా, వరసగా ఒక్కో డబ్బా మీద వేలితో కొట్టుకుంటూ పోయేది. గణగణమంటే పాలపొడి డబ్బా, అందులో చక్కెర. దబ్బుమంటే పెయింటు బకెట్, అందులో బియ్యం. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉన్నది ఉప్పు డబ్బా. ఐస్‌క్రీం డబ్బాలో చింతపండు, సగానికి కోసిన నూనె క్యాన్‌లో గరిటెలు. పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, కింద కుట్టేసి, మేకుకు తగిలిస్తే అందులో ఉల్లిగడ్డలు. ఆ వంటింట్లో ఒక పనికి కొని ఇంకో పనికి వాడనిది ఏదీ లేదు.

ఆ సామానంతా అజీజ్‌నగర్ నుంచి వచ్చింది. ధనమ్మ భర్త పౌలు అక్కడ ఒక ఫామ్‌హౌస్‌లో తోటపని చేస్తాడు. వాళ్ళు పారేసేవి ఏరుకుని, సైకిల్‌కు కట్టుకుని మొయినాబాద్‌లోని ఇంటికి తెస్తాడు. తెచ్చినదాన్ని ఎక్కడ పెట్టాలో, దేనికి వాడాలో ధనమ్మ చూసుకునేది.

కోడలు ఆశా చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే తర్వాత జరిగింది విని మీరే ఆమెను తిట్టిపోస్తారు. ప్రైవేటు బడిలో టీచరు. ఎనిమిదింటికి వెళితే ఐదింటికి వస్తుంది. ధనమ్మ కొడుకు ఎజ్రా పట్నంలో కారు నడుపుతాడు, వారానికొకసారి ఇంటికి వస్తే గొప్ప. వాళ్ళ ఏడాదిన్నర పాప కెజియా పొద్దంతా నాయనమ్మ దగ్గరే. ధనమ్మకు ఇంకేం ఉన్నా లేకపోయినా ఫరవాలేదు, సంకలో ఆ పాప ఉంటే చాలు.

ఆ పాప కోసమే ధనమ్మ ఒక సంగతి దాచింది. ఏడాది కింద చేవెళ్ళ దవాఖానలో కళ్ళు చూపించుకుంటే డాక్టరమ్మ చెప్పింది, కంటి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలవాలంటే రోజూ మందు చుక్కలు వేసుకోవాలని, ఈసారి ఇంట్లోవాళ్ళను వెంట తెచ్చుకోమని. ధనమ్మ ఆమె రాసిచ్చిన మందుల చీటీని బస్టాండులోనే చింపేసింది. చూపు తగ్గిన మనిషి చేతిలో చంటిపిల్లను ఎవరు వదిలిపెడతారు? ముడిమ్యాలలో ఉన్న ఆశా తల్లి, పాపను నేను చూసుకుంటానని ఎన్నాళ్ళనుంచో అడుగుతోంది. కాబట్టి మొగుడికి కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆమెకు లోకమంతా పొయ్యి ఊదే గొట్టంలోంచి చూసినట్టుంది. ఎదురుగా కాస్త మసకగా కనిపిస్తుంది, పక్కన ఏముందో తెలియదు. చిన్న అక్షరాలు అసలే ఆనవు. ఇల్లంతా చేతులకు, చెవులకు అలవాటుపడి ఉంది కాబట్టి బండి నడుస్తోంది.

ఆ శనివారం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక పడింది. సంఘంలోని ఆడవాళ్ళు వారానికొక ఇంట్లో చేరి, పాటలు పాడి, వాక్యం చదువుకుని, చాయ తాగి వెళతారు. చాయ తాగేటప్పుడు అందరి చూపూ వంటింట్లోకే పోతుంది, వద్దన్నా పోతుంది. ఆ పెయింటు బకెట్లు, ఆ ప్యాంటు కాలు వాళ్ళ కంట పడతాయంటే ఆశాకు తల కొట్టేసినట్టయింది. పారేసే సీసాలతో ఇల్లు ఎలా సర్దుకోవాలో ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసింది. ఫామ్‌హౌస్‌లో ఖాళీ జామ్ సీసాలు ఉన్నాయంటే మామతో ఒక గోనెసంచి నిండా తెప్పించింది. బుధవారం సెలవు పెట్టి, వాటిని కడిగి, మూతలకు తెల్ల రంగు వేసి, పేర్లు రాసి అంటించింది. ధనమ్మ పాపను తీసుకుని చర్చికి వెళ్ళి వచ్చేసరికి వంటిల్లు మారిపోయింది.

“అత్తమ్మా, గిటు చూడు. అన్ని ఒక్క తీర్గ ఉన్నయి. ఇగ ఎవలొచ్చినా మనకు సిగ్గు లేదు,” అంది ఆశా, చేతులు తుడుచుకుంటూ.

ధనమ్మ వరస మీద చెయ్యి వేసింది. వేళ్ళకు అన్నీ ఒకేలా తగిలాయి. ఒకే నున్నదనం, ఒకే మూత. “నా డబ్బాలేవే?”

“పాత సామాన్లాయనకు ఏసిన.”

“ఒక్కమాట అడగకపోతివి.”

“అడిగితే వద్దంటవు గద. ఆ డబ్బాలల్ల ఏమున్నదత్తమ్మా, తుప్పు తప్ప. ఇంకోటి, సీసాలల్ల చెయ్యి వెట్టకు, చెమ్మ తగుల్తది. దేని చెంచ దాంట్లనే ఉన్నది.”

మంచిగున్నయి బిడ్డ, అంది ధనమ్మ. ఇంకేం అంటుంది? తర్వాతి రెండు రోజులూ కోడలు బడికి వెళ్ళగానే వంటింట్లో నిలబడి బడిపిల్లలా వల్లె వేసుకుంది. ఎడమ నుంచి మొదటిది చాయపత్తి, రెండోది చక్కెర, మూడోది ఉప్పు. శుక్రవారం సాయంత్రానికి తడుముకోకుండా తీయగలిగింది. కాస్త ధైర్యం వచ్చింది.

శనివారం పక్కింటి విజయరాణి అందరికంటే ముందు వచ్చింది. గ్లాసులు తుడుస్తూ, సీసాలు ఎంత ముద్దుగా ఉన్నాయని మూడు నాలుగు చేతిలోకి తీసి చూసింది. తిరిగి పెట్టేటప్పుడు ఏది ఎక్కడిదో ఆమె పట్టించుకోలేదు, ఎందుకు పట్టించుకుంటుంది, పేర్లు ఉన్నాయి కదా. ఇరవై మందికి చాయ మరిగింది. ధనమ్మ రెండో సీసా తీసి చెంచా నిండుగా పది పన్నెండుసార్లు గిన్నెలో వేసింది. రుచి చూడలేదు. ప్రార్థన చేసి దేవునికి వందనాలు చెప్పకముందు నోట్లో చుక్క వేసుకోకూడదని ఆమె పట్టింపు, పెళ్ళికాక ముందునుంచీ ఉన్నది.

ప్రార్థన అయింది. అందరూ గ్లాసులు ఎత్తారు, అందరూ ఒక్కసారే ఆగారు. ఒకామె పైట నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తింది. ముసలామె ఒకతె, “సీసాలు సూసుకుంట ఉప్పేసినట్టున్నవు ధనమ్మ, పోనీలే, గొంతుకు మంచిదే,” అంది. నవ్వులు మొదలయ్యాయి. చెడ్డ నవ్వులేం కావు. కానీ ఆశా ముఖం మాడిపోయింది. అందరూ వెళ్ళేదాకా పళ్ళ బిగువున నవ్వుతూ నిలబడింది.

చివరి చెప్పుల చప్పుడు వాకిలి దాటాక వంటింట్లోకి వచ్చింది. ధనమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చుని ఉంది.

“కావాల్నని చేసినవా అత్తమ్మా?”

ధనమ్మ పాప జుట్టు సవరించింది.

“సీసా మీద ఇంతింత అక్షరాలతోని రాసిన. నీకు చదవరాదా? నిరుటిదాక కూడికల వాక్యం నువ్వే చదువుతుంటివి. డబ్బాలు వారేసిననని కోపముంటే నా మొకం మీద అనాలె. ఇరవై మంది ముంగట నా పరువు తియ్యాల్నా?”

కనబడలేదు బిడ్డా అనే మాట ధనమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. కోపమైతే నాలుగు రోజులుండి పోతుంది. కళ్ళ సంగతి బయటపడితే పాప పోతుంది. ఆమెకు ఆ లెక్క ఒక్కటే తెలిసింది.

“ఆ, కావాల్ననే చేసిన,” అంది. “నా సామాను నన్నడగకుండ ఎట్ల పారేస్తవు?”

పాపం, అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు, గబగబా అనేసింది. ఆశాకు అది కూడా పొగరుగానే వినిపించింది. చాలా మెల్లగా అంది.

“మూడు దినాలు కడుపుల ఇంత పెట్టుకొని నాతోని నవ్వుకుంట తిరిగినవంటే నాకు భయమైతున్నది. నా బిడ్డను నీ కాడ ఎట్ల ఇడిసిపోవాలె? రేపే ముడిమ్యాలకు తోల్కపోత.”

ధనమ్మ పీట మీంచి సగం లేచింది, పాప ఒళ్ళోంచి కిందికి జారింది. “నన్ను ఎంతన్న తిట్టు ఆశా. బిడ్డను దూరం చెయ్యకు. కాళ్ళు మొక్కుత.”

ఆశా వినకుండా గదిలోకి వెళ్ళి పాప గౌన్లు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. సగం సర్దాక ధనమ్మ పిలుపు వినిపించింది. “కెజియా, యాడున్నవే తల్లీ? దా, నా కాడికి దా.”

ఆ గొంతులో ఏదో ఉంది. ఆశా గుమ్మంలోకి వచ్చి చూసింది. పాప ఎక్కడో లేదు. ధనమ్మ ఎడమ మోకాలికి జానెడు దూరంలో గోడకు ఆనుకుని నిలబడి, ఎత్తుకోమని రెండు చేతులూ చాపి ఉంది. ధనమ్మ చేతులు మాత్రం ముందుకు చాచి గాలిలో వెతుకుతున్నాయి. “పలకవేందే? మీ అమ్మ ఎత్తుకపోయిందా?” అని ఆమె ఏడుస్తోంది.

ఆశా చేతిలోని గౌను కింద పడింది. చప్పుడు చేయకుండా దగ్గరికి వచ్చి, అత్త చెంప పక్కన చెయ్యి ఆడించింది. ధనమ్మ రెప్ప కూడా వేయలేదు. క్లాసులో ఏ పిల్ల బోర్డు దగ్గరికి జరిగి కూర్చున్నా కళ్ళు చూపించమని తల్లిదండ్రులకు కబురు పెట్టే టీచరు, ఇంట్లో మనిషిని ఏడాదిగా చూడలేదు.

“ఎప్పటిసంది అత్తమ్మా?”

ఆ ఒక్క మాటతో ధనమ్మకు తెలిసిపోయింది, ఇక దాచడానికి ఏమీ లేదని. ఏడాది సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేసింది. “చుక్కల సీస ఇంట్ల వెడితే అడుగుతరని తేలేదు. బిడ్డకు ఒక్క దెబ్బ తగలనియ్యలే ఆశా, ప్రమాణం. అందుకే సంక దించలే. కింద ఇడిస్తే నాకు దొరకదు.”

సంకలోనే మోసి మోసి పిల్లకు నడక రాకుండా చేస్తున్నావని ఆశా ఎన్నిసార్లు దెప్పిందో ఆమెకే గుర్తు లేదు. నేల మీద కూలబడి అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. పాప ఇద్దరినీ చూసి తానూ అందుకుంది.

“బిడ్డను నా కాడ ఉంచుతవా?” అని అడిగింది ధనమ్మ, కాసేపయ్యాక.

ఉంచుతానని ఒక అబద్ధం చెప్పేస్తే అప్పటికి గండం గడిచేది. ఆశా చెప్పలేకపోయింది. “నీ ఒక్కదాని కాడ ఉంచలేను. పొయ్యి ఉన్నది, బయట నీళ్ళ సంపు ఉన్నది. నాకు భయమైతది అత్తమ్మా.”

ధనమ్మ చాలాసేపు తల ఊపుతూనే ఉంది. “నేను గూడ దినాం భయపడుకుంటనే ఉన్న,” అంది చివరికి.

“ముడిమ్యాలకైతే పంపను. మా అమ్మనే ఈడికి రమ్మంట. సోమారం మనిద్దరం పట్నం దవాఖానకు పోదం. చుక్కలు నేనేస్త.”

“పోయింది రాదన్నరు బిడ్డ.”

“ఉన్నది ఆపుదం.” ఆశా పాపను ఎత్తుకుంది. అడగడానికి నోరు రాలేదు, అయినా అడిగింది. “కెజియా మొకం నీకు ఎంత కనబడ్తది?”

“దగ్గర పెట్టుకుంటే ముక్కలు ముక్కలే. ఒకసారి కన్ను, ఒకసారి మూతి. జర దూరముంటేనే మొత్తం కనబడాలె. నేను దూరం వెట్టకపోతి.”

ఆశా పాపతో రెండడుగులు వెనక్కి వేసింది. “ఇప్పుడు?”

“ఇంక జర.”

వాకిలి గుమ్మం దాకా వెళ్ళింది. అక్కడ సాయంత్రపు ఎండ పడుతోంది. ధనమ్మ తలను అటూ ఇటూ సరిచేసుకుని, ఒకచోట ఆపేసి చూసింది.

“అందరు ఎజ్రా పోలికనే అంటుండ్రు,” అంది. “కాదు బిడ్డ. నీ పోలికనే.”

ఆశాకు చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదిలి పాప ముఖం పక్కకు తప్పిపోతుందని, అలాగే నిలబడిపోయింది.